సాంకేతిక సందేహాలు: నడుస్తున్న వెబ్ సర్వర్ పక్కన మ్యాప్‌సర్వర్

ప్రశ్న: మా కళాశాల సివిల్ ఇంజనీరింగ్ విభాగంలో ఒక విండోస్ కంప్యూటర్‌ను చిన్న సర్వర్‌గా వాడుకుంటున్నాం. విభాగం వెబ్‌సైటు, విద్యార్థుల హాజరు పేజీలు అందులో జాంప్ (అపాచీ వెబ్ సర్వర్, పీహెచ్‌పీ కలిసి వచ్చే ప్యాకేజీ) మీద నడుస్తున్నాయి. విద్యార్థులు సర్వే చేసి తయారుచేసిన చెరువులు, కాలువలు, గ్రామ సరిహద్దుల షేప్‌ఫైళ్లను (పటం డేటా ఫైళ్లను) బ్రౌజర్‌లో పటంగా చూపించాలన్న ఆలోచనతో ఎంఎస్4డబ్ల్యూ ప్యాకేజీని ఇన్‌స్టాల్ చేశాం. దానిలోని అపాచీ సర్వీస్ అసలు మొదలు కాలేదు. తెలిసినవారు చెప్పారని అందులోని మ్యాప్‌సర్వర్ ప్రోగ్రామ్ అయిన మ్యాప్‌సర్వ్ ఈఎక్స్ఈ ఫైలును జాంప్ వారి సీజీఐ-బిన్ ఫోల్డర్‌లోకి కాపీ చేస్తే 500 ఎర్రర్ వస్తోంది. ఉన్న వెబ్‌సైటు ఆగకుండా కొత్తదాన్ని ఎలా పెట్టుకోవాలో దయచేసి వివరించగలరు.
— అధ్యాపకుడు, కర్నూలు

జవాబు: మ్యాప్‌సర్వర్ 1990ల మధ్యకాలంలో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో మొదలై, 2006లో ఏర్పడిన ఓఎస్‌జియో ఫౌండేషన్ తొలి ప్రాజెక్టుల్లో ఒకటిగా నేటికీ కొనసాగుతున్న ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్. మ్యాప్‌ఫైల్ అనే టెక్స్ట్ ఫైలులో మనం రాసిపెట్టిన వివరాల ప్రకారం షేప్‌ఫైల్, పోస్ట్‌జీఐఎస్ డేటాబేస్ పట్టిక, ఉపగ్రహ చిత్రం వంటి వాటి నుంచి అడిగినంత భాగాన్ని గీసి బొమ్మగా పంపడం దాని పని. అది సొంతంగా వెబ్ సర్వర్ కాదు. వెబ్ సర్వర్ పిలిచినప్పుడు మొదలై, పటం గీసి ఇచ్చి, ముగిసిపోయే సీజీఐ ప్రోగ్రామ్. విండోస్‌లో దీనికి కావలసిన లైబ్రరీలన్నిటినీ విడివిడిగా తెచ్చి కూర్చుకోవడం కష్టం కాబట్టి జీడాల్ (పటం డేటాను చదివే లైబ్రరీ), ప్రోజ్ (ప్రొజెక్షన్లు మార్చే లైబ్రరీ), పీహెచ్‌పీ మొదలైనవాటిని, వాటిని నడిపే అపాచీతో సహా ఒకే ఫోల్డర్‌లో సిద్ధంగా పెట్టి ఇచ్చే ప్యాకేజీయే ఎంఎస్4డబ్ల్యూ. అంటే ఇప్పుడు మీ కంప్యూటర్‌లో రెండు అపాచీలు, రెండు పీహెచ్‌పీలు ఉన్నాయి. మీకు ఎదురైన రెండు ఇబ్బందులూ ఇక్కడి నుంచి వచ్చినవే.

సర్వీస్ మొదలు కాకపోవడానికి కారణం పోర్ట్. ఒక ఐపీ చిరునామా మీద ఒక పోర్ట్‌ను ఒక సమయంలో ఒక ప్రోగ్రామ్ మాత్రమే వినగలదు. మీ జాంప్ ఇప్పటికే 80ని పట్టుకుని ఉంది, ఎంఎస్4డబ్ల్యూలోని అపాచీ కూడా మామూలుగా 80నే అడుగుతుంది. విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో అప్లికేషన్ లాగ్ తెరిచి చూస్తే 10048 అనే సంఖ్యతో ఒక ఎర్రర్ కనిపిస్తుంది, ఆ పోర్ట్ వేరొకరి వాడుకలో ఉందని దాని అర్థం. సర్వీస్‌గా మొదలయ్యే దశలోనే అపాచీ ఆగిపోతే దాని సొంత ఎర్రర్ లాగ్‌లో ఏమీ రాయకపోవచ్చు, అందుకే ఈవెంట్ వ్యూయర్‌లో చూడమంటున్నాం.

ఇక 500 ఎర్రర్. మ్యాప్‌సర్వ్ ఈఎక్స్ఈ ఒంటరిగా నడిచే ఫైలు కాదు. దాని పక్కన ఉన్న పదుల కొద్దీ డీఎల్ఎల్ ఫైళ్లు, అంటే అది వాడుకునే లైబ్రరీలు, లేకపోతే విండోస్ దాన్ని మొదలుపెట్టనే లేదు. డీఎల్ఎల్‌ల కోసం విండోస్ ముందుగా ఆ ఈఎక్స్ఈ ఉన్న ఫోల్డర్‌లోనూ, తరువాత సిస్టమ్ ఫోల్డర్లలోనూ, చివరగా పాత్ వేరియబుల్‌లో ఉన్న ఫోల్డర్లలోనూ వెతుకుతుంది. మీరు కాపీ చేసిన చోట అవేవీ లేవు కాబట్టి ప్రోగ్రామ్ ఒక్క అక్షరం కూడా పంపకుండానే ఆగిపోయింది, హెడర్లు రాకముందే స్క్రిప్ట్ ముగిసిందని అపాచీ లాగ్‌లో రాసుకుని 500 ఇచ్చింది. ఈ స్థితిలో చాలామంది చేసే తదుపరి పని ఆ డీఎల్ఎల్‌లన్నిటినీ జాంప్‌లోని అపాచీ బిన్ ఫోల్డర్‌లో పోసేయడం. దయచేసి అది మాత్రం చేయకండి. ఎస్ఎస్ఎల్, కర్ల్, జీలిబ్ వంటి లైబ్రరీలు రెండు ప్యాకేజీల్లోనూ ఒకే పేరుతో, వేర్వేరు వెర్షన్లలో ఉంటాయి. ఒకదాని మీద మరొకటి పడిందంటే ఇన్నాళ్లూ నిక్షేపంగా నడిచిన మీ హాజరు పేజీలు కూడా ఆగిపోతాయి, ఏ ఫైలు మారిందో వెతికి పట్టుకోవడానికి రోజులు పడుతుంది. మీరు కాపీ చేసిన ఆ ఒక్క ఫైలును ముందుగా తొలగించండి.

ఇప్పుడు మీ ముందు మూడు దారులున్నాయి. మొదటిది ఎంఎస్4డబ్ల్యూ పోర్ట్ మార్చి, పటం చూడాలనుకునేవారిని ఆ పోర్ట్ సంఖ్యతో కూడిన చిరునామాకు పంపడం. ఇది పది నిమిషాల పని, ఒక్కరే కూర్చుని ప్రయోగాలు చేసుకోవడానికి సరిపోతుంది. అయితే కళాశాలల, కార్యాలయాల ఫైర్‌వాల్‌లు చాలావాటిలో 80, 443 తప్ప మిగతా పోర్ట్‌లు మూసి ఉంటాయి. అంతకన్నా ముఖ్యమైన చిక్కు బ్రౌజర్‌తో వస్తుంది. పోర్ట్ సంఖ్య మారితే బ్రౌజర్ దృష్టిలో అది వేరే సైటు. పటం బొమ్మలు వస్తాయి కానీ, చెరువు మీద క్లిక్ చేస్తే దాని విస్తీర్ణం చూపించాలని మీ జావాస్క్రిప్ట్ వేసే గెట్‌ఫీచర్‌ఇన్ఫో అభ్యర్థనకు వచ్చిన జవాబును, వేరే సైటుకు అనుమతి ఇచ్చే సీఓఆర్ఎస్ హెడర్ లేకపోతే, బ్రౌజర్ మీ పేజీకి అందనివ్వదు. బ్రౌజర్‌లో పటం చూపే ఓపెన్‌లేయర్స్ లైబ్రరీతో పటాన్ని పీఎన్‌జీగా దాచుకునే సదుపాయం పెట్టినా అది పనిచేయదు.

రెండో దారి జాంప్ అపాచీయే, స్క్రిప్ట్‌అలియాస్ (వెబ్ దారిని డిస్క్‌లోని ప్రోగ్రామ్ ఫోల్డర్‌కు కలిపే అపాచీ వరుస) ద్వారా, ఎంఎస్4డబ్ల్యూ ఫోల్డర్‌లో ఉన్నచోటనే ఉన్న మ్యాప్‌సర్వ్‌ను పిలవడం. ఈ పద్ధతిలో రెండో సర్వీస్ అవసరం ఉండదు, డీఎల్ఎల్‌లు వాటి చోటులోనే ఉంటాయి. కానీ ప్రోజ్, జీడాల్ డేటా ఫోల్డర్లు ఎక్కడున్నాయో, మ్యాప్‌సర్వర్ 8 అయితే దాని కాన్ఫిగ్ ఫైలు ఎక్కడుందో ఎంఎస్4డబ్ల్యూ వారు తమ అపాచీ కాన్ఫిగరేషన్‌లో ముందే రాసిపెట్టిన వరుసలన్నీ మీరు జాంప్‌లో మళ్లీ రాసుకోవాలి. పీహెచ్‌పీ మ్యాప్‌స్క్రిప్ట్ (పీహెచ్‌పీ పేజీ నుంచే మ్యాప్‌సర్వర్‌ను నడిపే ఎక్స్‌టెన్షన్) వాడాలంటే ఇది కుదరదు, ఎందుకంటే ఆ ఎక్స్‌టెన్షన్ ఏ పీహెచ్‌పీ వెర్షన్‌కు, ఏ కంపైలర్‌తో తయారైందో ఆ పీహెచ్‌పీలోనే పనిచేస్తుంది.

మూడో దారి రివర్స్ ప్రాక్సీ. మేము మీకు సూచించేది ఇదే. ఎంఎస్4డబ్ల్యూను దాని అపాచీతో సహా పూర్తిగా ఉన్నదున్నట్టు ఉంచి, బయటివారికి కనిపించని లోపలి పోర్ట్ మీద నడిపి, జాంప్ అపాచీ ద్వారానే దాన్ని బయటికి చేర్చడం. రెండు ప్యాకేజీల ఫైళ్లు ఎక్కడా కలవవు, ఒకదాన్ని మార్చినా తీసేసినా రెండోదానికి చెక్కు చెదరదు, బ్రౌజర్‌కు మాత్రం అంతా ఒకే సైటుగా కనిపిస్తుంది.

చేయవలసింది ఇది. ఎంఎస్4డబ్ల్యూ ఫోల్డర్ డ్రైవ్ మొదట్లోనే, అంటే సి డ్రైవ్ లోపల వేరే ఏ ఫోల్డర్‌లోనూ కాకుండా నేరుగా, ఉందని నిర్ధారించుకోండి. ప్యాకేజీలోని పాత్‌లన్నీ అలాగే రాసి ఉంటాయి. అందులోని అపాచీ-అన్‌ఇన్‌స్టాల్ బ్యాచ్ ఫైలును అడ్మినిస్ట్రేటర్ హక్కులతో నడిపి, మొరాయిస్తున్న సర్వీస్‌ను తొలగించండి. అపాచీ ఫోల్డర్‌లోని కాన్ఫ్ ఫోల్డర్‌లో హెచ్‌టీటీపీడీ డాట్ కాన్ఫ్ ఫైలు తెరిచి, లిజన్ 80 అన్న వరుసను లిజన్ 127.0.0.1:8081 అని మార్చండి. 8080 అందరికీ అలవాటైన సంఖ్యే కానీ, జాంప్‌తో వచ్చే టామ్‌క్యాట్ దాన్నే అడుగుతుంది కాబట్టి వదిలేయడం మంచిది. ముందు 127.0.0.1 రాయడం వల్ల ఆ పోర్ట్ ఆ కంప్యూటర్ లోపలివారికే వినిపిస్తుంది, నెట్‌వర్క్‌లో మరెవరికీ అందదు. సర్వర్‌నేమ్ వరుసలో కూడా 8081 చేర్చండి. 443 కోసం లిజన్ వరుస ఏదైనా తెరిచి ఉంటే దాని ముందు # గుర్తు పెట్టండి. తరువాత కమాండ్ విండోలో ఆ అపాచీ బిన్ ఫోల్డర్‌కు వెళ్లి హెచ్‌టీటీపీడీ -టి ఆదేశం ఇస్తే సింటాక్స్ ఓకే అని రావాలి. వచ్చాక అపాచీ-ఇన్‌స్టాల్ బ్యాచ్ ఫైలును, మళ్లీ అడ్మినిస్ట్రేటర్‌గానే, నడపండి.

అదే కంప్యూటర్ బ్రౌజర్‌లో 127.0.0.1:8081 చిరునామాలోని సీజీఐ-బిన్ కింద మ్యాప్‌సర్వ్ ఈఎక్స్ఈని, ఏ పారామీటర్లూ లేకుండా, పిలిచి చూడండి. డీకోడ్ చేయడానికి క్వెరీ సమాచారం ఏదీ లేదని, క్వెరీ స్ట్రింగ్ ఖాళీగా ఉందని ఒక ఇంగ్లీషు వాక్యం వస్తుంది. కొత్తవారు దాన్ని చూసి కంగారుపడతారు, నిజానికి అది శుభవార్త. డీఎల్ఎల్‌లన్నీ దొరికాయని, మ్యాప్‌సర్వర్ సజావుగా లేచి మాట్లాడుతోందని అర్థం.

ఇక జాంప్ వైపు. దాని హెచ్‌టీటీపీడీ డాట్ కాన్ఫ్‌లో ప్రాక్సీ మాడ్యూల్, ప్రాక్సీ హెచ్‌టీటీపీ మాడ్యూల్ వరుసల ముందు # ఉంటే తీసేయండి. తరువాత ప్రాక్సీపాస్ వరుసతో, సైటులోని /మ్యాప్స్/ అనే దారిని 127.0.0.1:8081 లోని /సీజీఐ-బిన్/ దారికి కలపండి. అవే రెండు దారులతో ప్రాక్సీపాస్‌రివర్స్ వరుస కూడా చేర్చండి. రెండు దారుల చివరా ఏటవాలు గీత ఉండాలి, ఒకచోట పెట్టి మరొకచోట మరిస్తే చిరునామాలు అతుక్కుపోయి 404 వస్తుంది. బయటి దారికి సీజీఐ-బిన్ అనే పేరే పెట్టవద్దు, జాంప్‌కు అదే పేరుతో సొంత స్క్రిప్ట్‌అలియాస్ ఉంది. ఇంకొక్క మాట గట్టిగా చెప్పాలి. ప్రాక్సీరిక్వెస్ట్స్ అనే వరుసను ఎట్టి పరిస్థితుల్లోనూ ఆన్ చేయకండి. రివర్స్ ప్రాక్సీకి దాని అవసరం లేదు, ఆన్ చేస్తే ప్రపంచంలో ఎవరైనా మీ కళాశాల సర్వర్ చాటున ఎక్కడికైనా వెళ్లగల దారి తెరిచినట్టవుతుంది.

అంతా పనిచేసిందనుకున్న తరువాత తగిలే చిక్కు ఒకటుంది. మీ బ్రౌజర్ పేజీలో పటం చక్కగా వస్తుంది. అదే డబ్ల్యూఎంఎస్ (వెబ్ ద్వారా పటాలు అందించే ప్రామాణిక పద్ధతి) చిరునామాను పక్క గదిలోని విద్యార్థి క్యూజీఐఎస్ అనే పటాల సాఫ్ట్‌వేర్‌లో చేరిస్తే పొరల పేర్లన్నీ కనిపిస్తాయి కానీ, పటం మాత్రం గీయబడదు. ఏయే పొరలున్నాయో చెప్పే గెట్‌కేపబిలిటీస్ జవాబులో తన చిరునామాను మ్యాప్‌సర్వర్ తనకు కనిపించిన సర్వర్ పేరు, పోర్ట్‌లను బట్టి రాసుకుంటుంది. ప్రాక్సీ వెనుక ఉన్న దానికి కనిపించేది లోపలి చిరునామా, కాబట్టి బయటివారికి అందని 8081ని అది రాసి పంపవచ్చు. క్యూజీఐఎస్ ఆ మాట నమ్మి అక్కడికే వెళ్లి తలుపు కొడుతుంది. మ్యాప్‌ఫైల్‌లోని వెబ్ భాగం మెటాడేటాలో డబ్ల్యూఎంఎస్_ఆన్‌లైన్‌రిసోర్స్ అనే వరుస చేర్చి, బయటివారు వాడే పూర్తి చిరునామాను, /మ్యాప్స్/ దారితో సహా, మీరే రాసేయండి. గెట్‌కేపబిలిటీస్ జవాబును బ్రౌజర్‌లో తెరిచి, అందులో 8081 ఎక్కడా లేదని కంటితో చూసుకున్నాకే చిరునామాను ఇతరులకు ఇవ్వండి.

ప్రశ్న: మాది ఒక ప్రభుత్వ శాఖ జిల్లా కార్యాలయం. మా సర్వర్‌లో ఐఐఎస్ (మైక్రోసాఫ్ట్ వెబ్ సర్వర్) మీద శాఖ అప్లికేషన్ నడుస్తోంది. 80 పోర్ట్‌ను ఎవరు వాడుతున్నారో చూస్తే ప్రాసెస్ సంఖ్య 4, పేరు సిస్టమ్ అని వస్తోంది. ఐఐఎస్‌ను ఆపకుండా ఎంఎస్4డబ్ల్యూను వాడుకోవచ్చా? అదనపు పోర్ట్ తెరిస్తే సెక్యూరిటీ ఆడిట్‌లో అభ్యంతరం వస్తుందని మా పై అధికారులు అంటున్నారు.
— సాంకేతిక సహాయకుడు, వరంగల్

జవాబు: వాడుకోవచ్చు. నెట్‌స్టాట్‌లో మీకు కనిపించిన 4 అనే సంఖ్య విండోస్ కెర్నల్‌ది. ఐఐఎస్ తన పోర్ట్‌ను సొంతంగా తెరవదు, హెచ్‌టీటీపీ డాట్ సిస్ అనే కెర్నల్ డ్రైవర్ దాని తరఫున వింటుంది. టాస్క్ మేనేజర్‌లో ఆ ప్రాసెస్‌ను ముగించాలని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. ఇలాంటిచోట ఎంఎస్4డబ్ల్యూ అపాచీని 80 మీద మొదలుపెట్టాలని చూస్తే 10048కి బదులు 10013 ఎర్రర్ కనిపించవచ్చు. అనుమతి లేదన్నట్టుగా ఉండే ఆ వాక్యాన్ని చూసి ఫోల్డర్ల పర్మిషన్లు మార్చుకుంటూ పోతారు, కానీ జబ్బు మళ్లీ పోర్ట్‌దే.

ఆడిట్ గురించి మీ అధికారుల ఆందోళన సమంజసమైనది. ప్రభుత్వ వెబ్‌సైట్లను సెర్ట్-ఇన్ (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ) గుర్తింపు పొందిన సంస్థలతో ఆడిట్ చేయించాలి, బయటికి తెరిచిన ప్రతి పోర్ట్‌కూ మీరు కారణం చెప్పవలసి ఉంటుంది. పై జవాబులో చెప్పినట్టు 127.0.0.1 మీద మాత్రమే వినేలా ఎంఎస్4డబ్ల్యూను కట్టడి చేస్తే బయటి నుంచి చేసే స్కాన్‌కు ఆ పోర్ట్ కనిపించదు. అలాగని దాన్ని దాచిపెట్టకండి. సర్వర్‌లో రెండో అపాచీ ఉందని, దాని వెర్షన్ ఫలానా అని ఆడిట్ పత్రాల్లో రాసి ఇవ్వండి, దాని అప్‌డేట్ల బాధ్యత కూడా మీ మీదే ఉంటుంది.

ఐఐఎస్‌లో రివర్స్ ప్రాక్సీకి రెండు అదనపు మాడ్యూళ్లు కావాలి. ఒకటి యూఆర్ఎల్ రీరైట్, రెండోది అప్లికేషన్ రిక్వెస్ట్ రౌటింగ్. రెండూ మైక్రోసాఫ్ట్‌వే, ఉచితమే. ఇన్‌స్టాల్ చేశాక ఐఐఎస్ మేనేజర్‌లో సర్వర్ స్థాయిలో రౌటింగ్ పేజీ తెరిచి, ప్రాక్సీని ఎనేబుల్ చేసే గడిలో టిక్ పెట్టాలి. ఇది మరిచిపోయి రూల్ మాత్రమే రాసేవారు ఎక్కువ, అప్పుడు 404 తప్ప ఏమీ రాదు. తరువాత సైటు స్థాయిలో, మ్యాప్స్ అన్న పేరుతో మొదలయ్యే ప్రతి అభ్యర్థననూ 8081లోని సీజీఐ-బిన్‌కు పంపేలా ఒక రీరైట్ రూల్ రాయండి, క్వెరీ స్ట్రింగ్‌ను జతచేసే గడిలో టిక్ ఉండాలి.

ఐఐఎస్ వాడేవారికి మాత్రమే తగిలే మరో అడ్డంకి ఉంది. రిక్వెస్ట్ ఫిల్టరింగ్‌లో క్వెరీ స్ట్రింగ్ పొడవుకు మామూలుగా 2048 అనే పరిమితి ఉంటుంది. సాధారణ పటానికి ఇది చాలు. కానీ అభ్యర్థనలోనే ఎస్ఎల్‌డీ (పటం రంగులు, గీతలు ఎలా ఉండాలో చెప్పే) శైలినో, పొడవైన ఫిల్టర్‌నో జతచేసి పంపితే పరిమితి దాటి 404.15 వస్తుంది. బ్రౌజర్‌లో కనిపించేది ఉత్త 404 మాత్రమే, 15 అన్న ఉపసంఖ్య ఐఐఎస్ లాగ్‌లోనే దొరుకుతుంది. పటం కొన్నిసార్లు వచ్చి కొన్నిసార్లు రాకపోతే ముందుగా ఇది చూసి, ఆ సైటు వరకు పరిమితిని పెంచండి.

రెండో వెబ్ సర్వర్ అసలు వద్దని మీ శాఖ నిబంధన అయితే, మ్యాప్‌సర్వ్‌ను ఐఐఎస్ కిందే సీజీఐగా నమోదు చేయవచ్చు. ఐఎస్ఏపీఐ, సీజీఐ రిస్ట్రిక్షన్స్ పేజీలో దాని పూర్తి పాత్‌ను అనుమతించి, హ్యాండ్లర్ మ్యాపింగ్ ఇచ్చి, ఆ అప్లికేషన్ పూల్ ఖాతాకు డేటా ఫోల్డర్ మీద చదివే హక్కు, తాత్కాలిక బొమ్మల ఫోల్డర్ మీద రాసే హక్కు ఇవ్వాలి.

ప్రశ్న: ఎంఎస్4డబ్ల్యూతో పటాలు బాగానే వచ్చేవి. గ్రామ పటాన్ని ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ మీద పొరగా వేయబోతే ప్రొజెక్షన్ ఎర్రర్ వచ్చింది. ఒకరి సలహా మీద ప్రోజ్_లిబ్ అనే వేరియబుల్‌ను కంట్రోల్ ప్యానెల్‌లో సిస్టమ్ అంతటికీ ఎంఎస్4డబ్ల్యూ ఫోల్డర్ చూపిస్తూ పెట్టాను. ఆ ఎర్రర్ పోలేదు సరికదా, కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేసినప్పటి నుంచి అదే కంప్యూటర్‌లోని పోస్ట్‌జీఐఎస్‌లో ప్రొజెక్షన్ మార్చే ఎస్‌టీ_ట్రాన్స్‌ఫామ్ ఫంక్షన్ పనిచేయడం లేదు.
— పరిశోధక విద్యార్థిని, అనంతపురం

జవాబు: మీరు పెట్టిన వేరియబుల్‌ను ముందు తొలగించి, కంప్యూటర్‌ను మళ్లీ ఒకసారి రీస్టార్ట్ చేయండి. పోస్ట్‌జీఐఎస్ కోలుకుంటుంది. వేరియబుల్ పెట్టేముందే ఆ పేరుతో పోస్ట్‌జీఐఎస్ ఇన్‌స్టాలర్ పెట్టిన విలువ ఏదైనా ఉండి ఉంటే దాన్ని తిరిగి రాయండి.

జరిగింది ఇది. ఒక ప్రొజెక్షన్ (గుండ్రటి భూమిని చదునైన పటం మీదికి తెచ్చే పద్ధతి) నుంచి మరొకదానికి మార్చే లెక్కలన్నీ ప్రోజ్ లైబ్రరీవి. ప్రోజ్ 6 నుంచి ఆ వివరాలన్నీ ప్రోజ్ డాట్ డీబీ అనే డేటాబేస్ ఫైలులో ఉంటాయి. లైబ్రరీ వెర్షన్‌కు తగిన డీబీ ఫైలే దొరకాలి. పాతది దొరికితే, డేటాబేస్ లేఅవుట్ వెర్షన్ తక్కువగా ఉంది, ఇది వేరే ప్రోజ్ ఇన్‌స్టాలేషన్‌కు చెందినది అని అది స్పష్టంగానే చెబుతుంది. మీ కంప్యూటర్‌లో ఎంఎస్4డబ్ల్యూకు ఒకటి, పోస్ట్‌జీఐఎస్‌కు ఒకటి, క్యూజీఐఎస్ ఉంటే దానికి మరొకటి ప్రోజ్ ఉంది. సిస్టమ్ అంతటికీ ఒకే ఫోల్డర్ చూపించినప్పుడు అందరూ దానికే వెళ్లారు. పోస్ట్‌జీఐఎస్‌ను నడిపే పోస్ట్‌గ్రెస్ సర్వీస్ రీస్టార్ట్ తరువాతే కొత్త విలువను చదివింది కాబట్టి ఇబ్బంది ఆ రోజు నుంచి కనిపించింది.

మరి మ్యాప్‌సర్వర్‌కు ఎందుకు ఉపయోగపడలేదు? అపాచీ తన సీజీఐ ప్రోగ్రామ్‌లకు సిస్టమ్ వేరియబుళ్లన్నిటినీ అందించదు. పాత్, సిస్టమ్‌రూట్ వంటి కొన్నిటిని మాత్రమే ఇస్తుంది. మిగిలినవి కావాలంటే అపాచీ కాన్ఫిగరేషన్‌లో సెట్‌ఎన్వ్ వరుసగా రాయాలి. అందువల్ల మీరు కంట్రోల్ ప్యానెల్‌లో పెట్టిన విలువ అవసరం లేనివారందరికీ చేరి, అవసరమైన మ్యాప్‌సర్వ్‌కు మాత్రం చేరలేదు. సరైన చోట్లు రెండు. ఎంఎస్4డబ్ల్యూ అపాచీలోని హెచ్‌టీటీపీడీ డాట్ కాన్ఫ్‌లో సెట్‌ఎన్వ్ వరుస, లేదా మ్యాప్‌ఫైల్ పైభాగంలో కాన్ఫిగ్ అన్న పదంతో మొదలయ్యే వరుస. మామూలుగా మొదటిది ప్యాకేజీతోనే వస్తుంది. ఎవరైనా జాంప్‌లోని స్క్రిప్ట్‌అలియాస్ ద్వారా నడుపుతుంటేనే అది తప్పిపోతుంది. ప్రోజ్ 9.1 నుంచి ఈ వేరియబుల్‌కు ప్రోజ్_డేటా అనే కొత్త పేరు వచ్చింది, పాత పేరు కూడా చెల్లుతుంది.

ఇదే కారణంగా ఎంఎస్4డబ్ల్యూ ఫోల్డర్లను సిస్టమ్ పాత్‌లో కూడా చేర్చవద్దు. కమాండ్ లైన్‌లో పని ఉంటే ప్యాకేజీలోని సెట్‌ఎన్వ్ బ్యాచ్ ఫైలును నడపండి, అది ఆ ఒక్క విండో వరకే వేరియబుళ్లను అమర్చుతుంది, విండో మూస్తే అన్నీ పోతాయి.

మీ గ్రామ పొర ప్రొజెక్షన్ కూడా ఒకసారి సరిచూసుకోండి. 78 డిగ్రీల తూర్పు రేఖాంశానికి తూర్పున, అంటే మన రెండు రాష్ట్రాల్లో ఎక్కువ భాగానికి, యూటీఎం 44వ మండలం కాబట్టి ఈపీఎస్‌జీ (ప్రొజెక్షన్లకు ఇచ్చిన సంఖ్యల జాబితా) 32644 వాడడం అలవాటు. అనంతపురం దానికి పడమర ఉంది, అక్కడికి 32643 సరైనది. మ్యాప్‌ఫైల్‌లో పైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ వాడే 3857, పొరలో 32643 రాసి, ప్రోజ్ దొరికితే మార్పిడి దానంతట అదే జరిగిపోతుంది.

ప్రశ్న: కమాండ్ విండోలో మ్యాప్2ఐఎంజీ ఆదేశంతో పటం వస్తోంది, అదే మ్యాప్‌ఫైల్ బ్రౌజర్‌లో షేప్‌ఫైల్ తెరవలేకపోయానంటోంది. డేటా జెడ్ డ్రైవ్‌లో ఉంది.
— పాఠకుడు, విజయవాడ

జవాబు: జెడ్ డ్రైవ్ నెట్‌వర్క్ నుంచి జతచేసుకున్నది అయి ఉంటుంది. అలాంటి డ్రైవ్ అక్షరం మీరు లాగిన్ అయిన సెషన్‌కు మాత్రమే చెందుతుంది. కమాండ్ విండోలో ఆదేశం ఇచ్చింది మీరు కనుక దానికి జెడ్ కనిపించింది. అపాచీ సర్వీస్ లోకల్ సిస్టమ్ ఖాతాతో నడుస్తుంది కనుక దానికి జెడ్ అనేదే లేదు. డేటాను అదే కంప్యూటర్ డిస్క్‌లోకి తెచ్చుకోవడం అన్నిటికన్నా మేలు, వేగం కూడా పెరుగుతుంది. అది వీలుకాకపోతే, ఆ షేర్‌ను చదవగల ప్రత్యేక ఖాతాను సర్వీస్ లాగాన్ పేజీలో ఇచ్చి, మ్యాప్‌ఫైల్‌లో డ్రైవ్ అక్షరం బదులు సర్వర్ పేరుతో మొదలయ్యే పూర్తి నెట్‌వర్క్ పాత్ రాయండి. ఇలాంటి చిక్కుల్లో ఊహించడం కన్నా, మ్యాప్‌ఫైల్‌లో ఎంఎస్_ఎర్రర్‌ఫైల్ వరుస పెట్టి, డీబగ్ స్థాయిని 5కు పెంచి, ఆ ఫైలులో ఏం పడుతోందో చదవడం త్వరగా తెమిలే పద్ధతి. పని ముగిశాక స్థాయిని తగ్గించండి, లేకపోతే ఆ ఫైలు డిస్క్ నిండేదాకా పెరుగుతుంది.

ప్రశ్న: మా దగ్గర ఎంఎస్4డబ్ల్యూ పాత 4వ వెర్షన్ ఉంది. 5వ వెర్షన్‌ను దానిమీదే ఇన్‌స్టాల్ చేసుకోవచ్చా? పక్కనే జాంప్ కూడా ఉంది.
— జీఐఎస్ ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: దానిమీదే వద్దు. పాత డీఎల్ఎల్‌లు కొన్ని మిగిలిపోయి, కొత్తవాటితో కలిసి తికమక చేస్తాయి. పాత ఫోల్డర్‌లోని బ్యాచ్ ఫైలుతో సర్వీస్‌ను ముందు తొలగించండి, రెండు వెర్షన్ల సర్వీస్ పేరు ఒకటే కాబట్టి ఈ మెట్టు దాటవేయడానికి వీల్లేదు. తరువాత ఫోల్డర్ పేరు మార్చి పక్కన పెట్టి, కొత్తదాన్ని పాతది ఉన్నచోటే ఇన్‌స్టాల్ చేయండి. పాత హెచ్‌టీటీపీడీ డాట్ కాన్ఫ్‌ను తెచ్చి కొత్తదాని మీద పెట్టకుండా, లిజన్, సర్వర్‌నేమ్ వరుసలను మాత్రం చేతితో మళ్లీ మార్చండి. జాంప్‌లో ప్రాక్సీపాస్ రాసుకుని ఉంటే అటువైపు ఒక్క అక్షరం కూడా మార్చనక్కర్లేదు.

అసలు మార్పు లోపల ఉంది. 4వ వెర్షన్‌లో ఉన్నది మ్యాప్‌సర్వర్ 7, 5వ వెర్షన్‌లోది 2022లో విడుదలైన మ్యాప్‌సర్వర్ 8. ఈ కొత్తదానికి ఒక కాన్ఫిగ్ ఫైలు తప్పనిసరి, అది ఎక్కడుందో మ్యాప్‌సర్వర్_కాన్ఫిగ్_ఫైల్ అనే వేరియబుల్ చెప్పాలి. ఎంఎస్4డబ్ల్యూ అపాచీ కిందే నడిపితే ఆ ఏర్పాటు చేసే ఉంటుంది. మ్యాప్‌ఫైళ్లు ఏ ఫోల్డర్లలో ఉండవచ్చో ఆ కాన్ఫిగ్ ఫైలులో ఎంఎస్_మ్యాప్_ప్యాటర్న్ వరుస నిర్ణయిస్తుంది. మీ పాత మ్యాప్‌ఫైళ్లు వేరే చోట ఉంటే ఆ ఫోల్డర్‌ను అందులో చేర్చేదాకా ఒక్క పటమూ తెరుచుకోదు. విసుగనిపించినా ఇది మేలైన మార్పే. ఇంతకుముందు వెబ్ చిరునామాలో మ్యాప్ అనే పారామీటర్‌కు డిస్క్‌లోని ఏ పాత్‌నైనా ఇచ్చి చూసే అవకాశం బయటివారికి ఉండేది. ఇప్పుడు అదే కాన్ఫిగ్ ఫైలులోని మ్యాప్స్ భాగంలో ప్రతి మ్యాప్‌ఫైల్‌కూ ఒక చిన్న పేరు పెట్టుకుంటే, చిరునామాలో మీ డిస్క్ పాత్ బయటపడకుండా ఆ పేరు ఒక్కటే కనిపిస్తుంది.

పీహెచ్‌పీ మ్యాప్‌స్క్రిప్ట్‌తో రాసిన పేజీలుంటే వాటికి కొంత సమయం కేటాయించుకోండి. పాత నేటివ్ ఎక్స్‌టెన్షన్‌ను 8లో తీసేశారు, స్విగ్ అనే సాధనంతో తయారైనదే ఇప్పుడు ఉంది. ఎంఎస్_న్యూమ్యాప్‌ఆబ్జ్ వంటి ఫంక్షన్లతో మొదలయ్యే వరుసలను కొత్త పద్ధతిలో న్యూ మ్యాప్‌ఆబ్జ్ అని రాయాలి, విలువలు తిరిగి ఇచ్చే తీరులో కూడా తేడాలున్నాయి కాబట్టి పేజీలను ఒక్కొక్కటిగా నడిపి చూడాలి. మీ మ్యాప్‌ఫైళ్లు, డేటా ఇప్పటికీ ఎంఎస్4డబ్ల్యూ ఫోల్డర్ లోపలే ఉంటే, ఈ మార్పుతో పాటే వాటిని బయట వేరే ఫోల్డర్‌కు తరలించండి. పేరు మార్చిన పాత ఫోల్డర్‌ను, ప్రతి పటాన్నీ బ్రౌజర్‌లోనూ క్యూజీఐఎస్‌లోనూ తెరిచి చూశాకే తొలగించండి.